కల్లు కాంపౌండ్ మూస్తే ఎర్రగడ్డకు క్యూ ఎందుకు?

2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. ఆ తర్వాత దాడులు, అరెస్టులు, లైసెన్సుల గురించి చాలా మాట్లాడుకున్నాం. రోజూ పొద్దుగూకగానే మనిషి ఆ సీసా దగ్గరికి ఎందుకు వెళ్తున్నాడన్న మాట మాత్రం పెద్దగా వినిపించలేదు.

నగరానికి సరిపడా కల్లు ఇచ్చే చెట్లు చుట్టుపక్కల లేవు. ఉన్న కాస్త కల్లులో నీళ్లు, తీపి కోసం శాకరిన్ కలుపుతారు. తగ్గిన మత్తును మందుతో పూడుస్తారు. ఆ మందులేమిటో చూడండి. క్లోరల్ హైడ్రేట్‌ను 1869లో బెర్లిన్‌లో లీబ్రైఖ్ అనే శాస్త్రవేత్త నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. మనవాళ్లు డైజోఫామ్ అనే డైజెపామ్ 1963లో, ఆల్ప్రాజోలం 1981లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. ఇవన్నీ నిద్ర పట్టనివాళ్లకు, టెన్షన్‌తో సతమతమయ్యేవాళ్లకు డాక్టర్లు రాసే మందులే. అంటే అడ్డా కూలీ తనకు తెలియకుండానే, డోసు ఎంతో ఎవరికీ తెలియకుండానే, ఏళ్ల తరబడి మానసిక వైద్యంలో వాడే మందు తాగుతున్నాడు.

అందుకే సరఫరా ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. చేతులు వణుకుతాయి, రాత్రంతా కన్ను మూతపడదు, ఫిట్స్ వస్తాయి. కొందరు లేని మనుషులతో మాట్లాడతారు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీపై దాడులు జరిగాక ఆస్పత్రులు ఇలాంటివాళ్లతోనే నిండాయి. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. రెండు నిర్ణయాలూ ఆబ్కారీ లెక్కలోనే జరిగాయి. వణుకుతూ వచ్చినవాళ్లను చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం ఒకప్పుడు ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండి 1953లో ఎర్రగడ్డకు మారిన మానసిక వైద్యశాల మీద పడింది.

మనోవిజ్ఞానం ఈ ముడిని ఎప్పుడో పట్టుకుంది. లోపలి బాధకు మనిషి మత్తును మందుగా వాడుకుంటాడని అమెరికన్ మనోవైద్యుడు ఎడ్వర్డ్ ఖాంట్జియన్ 1985లో రాశాడు. అలాంటి బాధల్లో ఒకటైన ఒంటరితనాన్ని కొలవడానికి అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ పరిశోధకులు 1978లో 20 అంశాల స్కేలు తయారుచేశారు. కానీ అది అక్కడి కాలేజీ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని చేసింది. భార్యాపిల్లల్ని పాలమూరులో వదిలి వచ్చి, సాయంత్రం కాంపౌండ్‌లో పదిమంది మధ్య కూర్చునే మేస్త్రీ ఒంటరితనం ఆ ప్రశ్నలకు అందుతుందా? నాకు నమ్మకం లేదు.

ముందు డిప్రెషన్ వచ్చిందా, మత్తు వల్ల డిప్రెషన్ వచ్చిందా అన్నది తేల్చడం ఇంకా కష్టం. మత్తు మానేశాక దాదాపు నెల ఆగి చూడమంటాయి రోగ నిర్ధారణ ప్రమాణాలు. రోజు కూలీ మీద బతికే మనిషి నెలరోజులు పని మానుకుని ఎక్కడ ఉండగలడు? తిండి, కూలీ నష్టం ఎవరో ఒకరు భరించకపోతే అతను ఏ అధ్యయనంలోనూ చివరిదాకా నిలవడు.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు. నిజామాబాద్ ఆస్పత్రులు నిండింది ఆ రోజుల్లోనే.

ఇంట్లో ఎవరైనా రోజూ కల్లు తాగుతుంటే ఉన్నపళంగా మాన్పించకండి. ముందు డాక్టర్‌కు చూపించండి, ఒంటికి అలవాటైన మత్తుమందును మెల్లగా తగ్గిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు.