ఒక ఉమ్మి, 5 మ్యాచ్‌ల సస్పెన్షన్: బేస్‌బాల్ అభిమానుల పాత గొడవ వెనుక కథ

1996 సెప్టెంబర్ 27, శుక్రవారం. టొరంటోలోని స్కైడోమ్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్, టొరంటో బ్లూ జేస్ ఆడుతున్నాయి. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఓరియోల్స్ బ్యాటర్ రాబర్టో అలోమార్ ఒక బంతిని ఆడకుండా వదిలేశాడు. అది బయటికి పోయిందని అతని లెక్క. వెనకాల ఉన్న అంపైర్ జాన్ హిర్ష్‌బెక్ మాత్రం మూడో స్ట్రైక్ ఇచ్చాడు. అంటే ఔట్. అలోమార్ డగౌట్‌కి నడుస్తూ ఏదో అన్నాడు, అక్కడికి చేరాక కూడా ఆపలేదు. హిర్ష్‌బెక్ అతణ్ని ఆట నుంచి బయటకు పంపేశాడు. అలోమార్ మళ్లీ మైదానంలోకి దూసుకొచ్చాడు. మేనేజర్ డేవీ జాన్సన్ ఇద్దరి మధ్య నిలబడి ఆపుతుండగానే మాటా మాటా పెరిగింది. అలోమార్ అంపైర్ ముఖాన ఉమ్మేశాడు.

శిక్ష 5 మ్యాచ్‌ల సస్పెన్షన్. అది చాలా తక్కువని కొందరు, అంపైర్ రెచ్చగొట్టలేదా అని కొందరు, మీ జట్టువాడు కాబట్టే అలా అంటున్నారని ఇంకొందరు అప్పుడు కొట్టుకున్నారు. ఇప్పటికీ ఏ ఆటగాడిని సస్పెండ్ చేసినా అభిమానులు ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతున్నారు. శిక్ష వేసేది ఎవరు, ఏ లెక్కన వేస్తారు, అంపైర్ తప్పు చేస్తే అడిగేది ఎవరు అన్న ప్రశ్నలకు సరైన జవాబు దొరక్కపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం. ఆ ఖాళీనే జట్టు అభిమానం నింపుతోంది.

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్ల కోసం ఒక మాట. క్రికెట్‌లో అప్పీల్ చేస్తేనే అంపైర్ వేలెత్తుతాడు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. బ్యాటర్ వదిలేసిన ప్రతి బంతీ స్ట్రైకా, బాలా అని క్యాచర్ (వికెట్‌కీపర్ లాంటివాడు) వెనక నిలబడ్డ అంపైర్ అప్పటికప్పుడు చెప్పాల్సిందే. రెండు జట్లూ కలిపి ఒక మ్యాచ్‌లో సుమారు 300 బంతులు వేస్తాయి. బంతి స్ట్రైక్ జోన్‌లోంచి వెళ్తే స్ట్రైక్, బయటికి పోతే బాల్. ఆ జోన్ అనేది గాలిలో ఊహించుకునే పెట్టె, దానికి గీతలుండవు. బంతి గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. గొడవకు ఇంతకంటే ఏం కావాలి?

ఈ గొడవ మొదట్నుంచీ ఉన్నదే. 1890లలో, అప్పటి పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్‌లో అంపైర్ ఉద్యోగమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆటగాళ్లు తిట్టేవారు, నెట్టేవారు, స్పైక్స్ ఉన్న బూట్లతో కాళ్లు తొక్కేవారు. ప్రేక్షకులు చేతికందింది విసిరేవారు. అంపైర్లను ఏడిపించడంలో అందరికంటే ముందున్నది అప్పటి బాల్టిమోర్ ఓరియోల్సే. ఆ జట్టులో జాన్ మెక్‌గ్రా పేరు చెబితే అంపైర్లకు హడల్.

బాన్ జాన్సన్ 1901లో అమెరికన్ లీగ్‌ను రెండో పెద్ద లీగ్‌గా నిలబెట్టినప్పుడు, అంపైర్‌ను గౌరవించి తీరాలని గట్టిగా పట్టుబట్టాడు. కుటుంబాలు వచ్చి కూర్చుని చూసే ఆట కావాలంటే మైదానంలో బూతులు ఆగాలన్నది అతని ఆలోచన. మెక్‌గ్రా అదే లీగ్‌లో బాల్టిమోర్ జట్టుకు మేనేజర్‌గా వచ్చి పాత పద్ధతే సాగించాడు. 1902లో జాన్సన్ అతణ్ని గడువు చెప్పకుండా సస్పెండ్ చేశాడు. ఆ జులైలోనే మెక్‌గ్రా న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది లీగ్‌లో బాల్టిమోర్ స్థానంలో న్యూయార్క్ జట్టు వచ్చింది. తర్వాత యాంకీస్ అయింది ఆ జట్టే. బాల్టిమోర్ మళ్లీ అమెరికన్ లీగ్ జట్టును చూసింది 1954లోనే. అంపైర్‌ను తిట్టినందుకు వేసే శిక్ష ఒక ఊరి ఆటనే ఎలా మార్చగలదో ఆ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాత దాదాపు వందేళ్లు శిక్ష వేసే అధికారం లీగ్ అధ్యక్షుల చేతిలోనే ఉంది. ఇన్ని మ్యాచ్‌లని రాసిపెట్టిన లెక్క లేదు. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ల మనసుకు తోచినంత.

1988 ఏప్రిల్ 30న సిన్సినాటిలో ఏం జరిగిందో చూడండి. ఆ ఊరి జట్టు రెడ్స్‌కూ న్యూయార్క్ మెట్స్‌కూ మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే మామూలుగా ఆఖరిది. మొదటి బేస్ (పరుగు కోసం వరసగా తాకాల్సిన నాలుగు చోట్లలో మొదటిది) దగ్గర అంపైర్ డేవ్ పలోన్ తీర్పు చెప్పడానికి ఆలస్యం చేశాడు. ఈలోగా మెట్స్ ఆటగాడు రెండో బేస్ నుంచి పరుగెత్తి స్కోర్ చేసేశాడు. రెడ్స్ మేనేజర్ పీట్ రోజ్ వచ్చి వాదించాడు, రెండుసార్లు పలోన్‌ను నెట్టాడు. ముందు పలోనే వేలితో తన ముఖం మీద గీరాడని రోజ్ వాదన. స్టేడియంలోంచి చేతికందినవన్నీ మైదానంలోకి వచ్చి పడ్డాయి. పలోన్ మిగతా ఆటకు లోపలే ఉండిపోవాల్సి వచ్చింది. నేషనల్ లీగ్ అధ్యక్షుడు బార్ట్ జియమాటీ రోజ్‌కు 30 రోజుల సస్పెన్షన్, 10,000 డాలర్ల జరిమానా వేశాడు. జనాన్ని రెచ్చగొట్టారంటూ రెడ్స్ రేడియో వ్యాఖ్యాతలు మార్టీ బ్రెన్నమన్, జో నక్స్‌హాల్‌ను కూడా పిలిపించి మాట్లాడాడు. సిన్సినాటిలో రోజ్ ఊరి బిడ్డ. వ్యాఖ్యాతల నోట వచ్చింది ఆ ఊరి కోపమే.

నెడితే 30 రోజులు, ఉమ్మితే 5 మ్యాచ్‌లు. 1996లో అమెరికన్ లీగ్ అధ్యక్షుడు జీన్ బడిగ్ అలోమార్ శిక్ష ప్రకటించగానే అందరూ పోల్చింది దీంతోనే. పైగా ఆ శిక్ష వెంటనే అమలు కాలేదు. అప్పీల్ చేస్తే విచారణ అయ్యేదాకా ఆటగాడు ఆడొచ్చన్నది నియమం. గొడవ జరిగిన మర్నాడే, అదే టొరంటోలో, అలోమార్ పదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఓరియోల్స్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. ఆ సస్పెన్షన్ 1997 సీజన్ మొదటికి వాయిదా పడింది. శిక్ష పడ్డవాడే ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ మీద నాలుగో మ్యాచ్ 12వ ఇన్నింగ్స్‌లో మళ్లీ హోమ్ రన్ కొట్టి ఆ జట్టును ఇంటికి పంపేశాడు. అంపైర్లు మండిపడ్డారు. వెంటనే సస్పెండ్ చేయకపోతే ప్లేఆఫ్స్‌లో పని చేసేది లేదన్నారు. చివరికి ఫిలడెల్ఫియాలో ఫెడరల్ జడ్జి ఎడ్మండ్ లడ్‌విగ్ ఆదేశంతో మైదానంలోకి దిగారు.

ఉమ్మడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ రాత్రి అలోమార్ అన్న మాట. కొడుకు చనిపోయాక హిర్ష్‌బెక్ మారిపోయాడని, మనసులో చేదు పెట్టుకున్నాడని విలేకరులతో అన్నాడు. హిర్ష్‌బెక్ ఎనిమిదేళ్ల కొడుకు 1993లో అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే అరుదైన జన్యువ్యాధితో చనిపోయాడు. రెండో కొడుకుకీ అదే వ్యాధి. మర్నాడు ఈ మాట తెలియగానే హిర్ష్‌బెక్ ఓరియోల్స్ గదిలోకి దూసుకెళ్లాడు. పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అలోమార్ తర్వాత క్షమాపణ చెప్పాడు, ఆ వ్యాధి పరిశోధనకు 50,000 డాలర్లు ఇచ్చాడు. జట్టు యాజమాన్యం మరో 50,000 కలిపింది. అయినా బాల్టిమోర్‌లో చప్పట్లు, మిగతా ఊళ్లలో ఈలలు, కేకలు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, రెండు వారాలు తిరక్కముందే బాల్టిమోర్‌కు ఇంకో దెబ్బ తగిలింది. అక్టోబర్ 9న యాంకీ స్టేడియంలో యాంకీస్ బ్యాటర్ డెరెక్ జీటర్ కొట్టిన బంతిని గోడ పక్కన కూర్చున్న 12 ఏళ్ల కుర్రాడు చేయి చాచి లోపలికి లాగేశాడు. అంపైర్ రిచ్ గార్సియా దాన్ని హోమ్ రన్ అన్నాడు. మ్యాచ్ తర్వాత టీవీలో చూసి, ప్రేక్షకుడు అడ్డొచ్చిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. స్కోరు మాత్రం మారలేదు. న్యూయార్క్‌లో ఆ కుర్రాడు హీరో అయిపోయాడు. మా వాడు తప్పు చేస్తే పని మానేస్తామన్న అంపైర్లు, తమ తప్పుకు ఏం శిక్ష అనుభవించారని బాల్టిమోర్ అభిమానులు అడిగారు. అందులో కోపం పాలు ఎంతున్నా, ఆ ప్రశ్న న్యాయమైనదే.

దానికి జవాబు అప్పట్లో లేదు. అంపైర్లు రెండు లీగ్‌ల కింద వేర్వేరుగా పనిచేసేవారు, వాళ్ల యూనియన్ బలంగా ఉండేది. 1999 జులైలో యూనియన్ నాయకుడు రిచీ ఫిలిప్స్ మాట మీద 57 మంది మూకుమ్మడిగా రాజీనామా లేఖలిచ్చారు. లీగ్‌లు దిగొస్తాయని వాళ్ల ధీమా. లీగ్‌లు కొత్తవాళ్లను తీసుకోవడం మొదలుపెట్టగానే చాలామంది వెనక్కి తీసుకోవాలని చూశారు. 22 మంది ఉద్యోగాలు పోయాయి, రిచ్ గార్సియాతో సహా. తర్వాత అంపైర్లందరూ ఒకే కార్యాలయం కిందికి వచ్చారు. కొత్త యూనియన్‌కు మొదటి అధ్యక్షుడైంది ఆ రాజీనామాల ఆలోచనను వ్యతిరేకించిన జాన్ హిర్ష్‌బెక్.

ఆ ఇద్దరి కథ అప్పటికే మలుపు తిరిగింది. 1997 ఏప్రిల్‌లో బాల్టిమోర్ మైదానంలో మ్యాచ్‌కు ముందు ఇద్దరూ చేతులు కలిపారు. 1999లో అలోమార్ క్లీవ్‌లాండ్ జట్టులో చేరాడు. అక్కడ అంపైర్ల గది చూసుకునే ఉద్యోగి ఇద్దరికీ స్నేహితుడు. హిర్ష్‌బెక్ ఎలాంటి మనిషని అలోమార్ అతణ్ని అడగడంతో అసలైన మాటలు మొదలయ్యాయి. తర్వాత ఇద్దరూ కలిసి ఆ వ్యాధి పరిశోధన కోసం డబ్బు పోగుచేశారు. 2010లో అలోమార్ 8 ఓట్ల తేడాతో హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవం) పోగొట్టుకున్నప్పుడు అతనికి అండగా మాట్లాడినవాళ్లలో హిర్ష్‌బెక్ ఒకడు. మరుసటి ఏడాది 90 శాతం ఓట్లతో అలోమార్ ఎంపికయ్యాడు. (2021లో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ మీద విచారణ తర్వాత లీగ్ అతణ్ని నిషేధిత జాబితాలో పెట్టింది. రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిపించినవాడైనా టొరంటో స్టేడియం అతని పేరు తీసేసింది. అది వేరే విషయం, ఉమ్మికి సంబంధం లేదు.)

మరి అభిమానులు? 1996లో అతణ్ని చూస్తేనే అరిచిన క్లీవ్‌లాండ్ ప్రేక్షకులు, 1999లో తమ జెర్సీ వేసుకున్నాక చప్పట్లు కొట్టారు. మనిషి అదే, చేసిన పనీ అదే. 2013లో డోపింగ్ కేసులో 65 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడ్డ మిల్వాకీ ఆటగాడు రయన్ బ్రాన్ విషయంలోనూ ఇంతే. అంతకుముందు అప్పీల్‌లో బయటపడ్డప్పుడు నమూనా సేకరించిన ఉద్యోగి మీదే అతను అనుమానం రేపాడు. తప్పు ఒప్పుకుని తిరిగొచ్చాక 2014 మొదటి మ్యాచ్‌లో మిల్వాకీ ప్రేక్షకులు లేచి నిలబడి స్వాగతం పలికారు. తన పని తాను చేసుకుపోయిన ఉద్యోగి కోసం ఎవరు లేచారు?

ఇది అమెరికా వాళ్ల జబ్బేమీ కాదు. 2000 డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో అజారుద్దీన్ మీద బీసీసీఐ జీవితకాల నిషేధం వేసినప్పుడు హైదరాబాద్‌లో ఇళ్లలోనూ టీకొట్ల దగ్గరా ఇలాగే చీలిపోయారు. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదన్నాక కూడా ఆ వాదన ఆగలేదు.

శిక్షల్లో పొంతన లేకపోవడం హ్యూస్టన్ ఆస్ట్రోస్ కేసులో మరీ బయటపడింది. ఏ బంతి వేయాలో పిచ్చర్‌కు (బంతి వేసేవాడికి) ప్రత్యర్థి క్యాచర్ చేసే సైగలను కెమెరాతో చూసి, చెత్తడబ్బా మీద బాది బ్యాటర్‌కు చెప్పడం 2017లో వాళ్లు చేసిన మోసం. 2020 జనవరిలో మేనేజర్ ఏజే హించ్, జనరల్ మేనేజర్ జెఫ్ లూనౌకు ఏడాది సస్పెన్షన్, క్లబ్‌కు 50 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. నిజం చెబితే శిక్ష ఉండదని మాటిచ్చారు కాబట్టి ఆటగాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. అదే ఏడాది జులైలో ఆస్ట్రోస్ బ్యాటర్ల తలల దగ్గరికి బంతులేసి, వాళ్లను వెక్కిరించిన డాడ్జర్స్ పిచ్చర్ జో కెల్లీకి 8 మ్యాచ్‌లు వేశారు, అప్పీల్‌లో అది 5 అయింది. తలకి గురిపెట్టడం ప్రమాదకరం, అందులో రెండో మాట లేదు. కానీ మోసం చేసినవాళ్లకు సున్నా, కోపగించుకున్నవాడికి 5 అన్న లెక్కను ఏ అభిమానికి ఎలా నచ్చజెబుతారు?

అంపైర్ల వైపు మార్పు యంత్రాలతో వచ్చింది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కడు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని ఆట. అప్పటికి చరిత్రలో అలాంటివి 20 మాత్రమే. 27వ బ్యాటర్ స్పష్టంగా ఔటైనా మొదటి బేస్ అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. గలరాగా చిన్నగా నవ్వి వెనక్కి వెళ్లి, తర్వాతి బ్యాటర్‌ను ఔట్ చేశాడు. వీడియో చూశాక జాయిస్ తప్పు తనదేనని అందరి ముందూ చెప్పాడు, గలరాగాను కలిసి క్షమించమన్నాడు. మర్నాడు అంపైర్‌కు లైనప్ కార్డు (ఆడేవాళ్ల జాబితా) ఇవ్వడానికి జట్టు గలరాగానే పంపింది. దాన్ని అందుకుంటూ జాయిస్ కళ్లు తుడుచుకున్నాడు. ఈ తప్పును దిద్దే దారి అప్పట్లో లేదు. 2014లో రీప్లే రివ్యూ పరిధి పెంచి బేస్‌ల దగ్గరి తీర్పులను అందులోకి తెచ్చారు.

స్ట్రైక్, బాల్ తీర్పులు అప్పటికీ రివ్యూకు అందలేదు. చిన్న లీగ్‌లలో ఏళ్లపాటు పరీక్షించాక, 2026 సీజన్ నుంచి వాటిమీదా ఛాలెంజ్ పెట్టాలని 2025 సెప్టెంబర్‌లో నిర్ణయించారు. జట్టుకు రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే మిగిలే ఉంటాయి. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ మాత్రమే వెంటనే టోపీ తట్టి అడగాలి. డగౌట్ నుంచి సలహా కుదరదు. మన డీఆర్ఎస్ చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

తీర్పు తప్పైతే దిద్దడానికి ఇది పనికొస్తుంది. అంపైర్ ప్రవర్తన సంగతి ఇంకా తలుపుల వెనకే ఉంది. ఆటగాడి సస్పెన్షన్‌ను పేరుతో, మ్యాచ్‌ల సంఖ్యతో ప్రకటిస్తారు. అంపైర్‌ను మందలించారో, జరిమానా వేశారో, ప్లేఆఫ్స్‌కు పక్కన పెట్టారో సాధారణంగా చెప్పరు. బయటికొచ్చిన అరుదైన కేసు పాట్ హోబర్గ్‌ది. 2022 వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్‌లో వదిలేసిన 129 బంతులకు 129 సరైన తీర్పులిచ్చాడని పేరు తెచ్చుకున్న అంపైర్ అతను. బేస్‌బాల్ మీద పందేలు కాసే స్నేహితుడితో బెట్టింగ్ ఖాతా పంచుకున్నాడని 2025 ఫిబ్రవరిలో ఉద్యోగంలోంచి తీసేశారు. అతను స్వయంగా బేస్‌బాల్ మీద పందెం కాసినట్టు గానీ, ఆట ఫలితాన్ని మార్చినట్టు గానీ ఆధారం దొరకలేదని లీగే చెప్పింది. 2024 సీజన్ మొదలుకాకముందే విచారణ నడుస్తున్నా, ఆ ఏడాది జూన్‌లో పత్రికల్లో వార్త వచ్చాకే లీగ్ నోరు విప్పింది.