అటక మీది దయ్యాలు: పాత హారర్ క్యాసెట్ల వేట వెనక కథ

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు ఎవరైనా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే ఫోన్ చేసి మరీ అడిగేవాళ్లు కొందరున్నారు: "అన్నా, అటక మీద క్యాసెట్లేమన్నా ఉన్నయా?" పెళ్లి వీడియోలు, భక్తి సినిమాలు వాళ్లకు అక్కర్లేదు. కావలసింది దయ్యాల సినిమాలు. ఫోన్‌లోనే అన్నీ దొరుకుతుంటే ఈ చెత్తంతా ఎందుకని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుగు న్యాయమైనదే. కానీ అన్నీ దొరుకుతాయన్న మాట మాత్రం నిజం కాదు. క్యాసెట్ పోయి సీడీ వచ్చినప్పుడు, సీడీ పోయి డీవీడీ వచ్చినప్పుడు, అదీ పోయి ఓటీటీ వచ్చినప్పుడు ప్రతిసారీ కొన్ని సినిమాలు వెనకే ఉండిపోయాయి. పెద్ద హీరో, పెద్ద బ్యానర్ లేని హారర్‌కి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

ఈ వీడియో క్యాసెట్ల పద్ధతి వీహెచ్‌ఎస్‌ని జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. మన దేశంలో వీడియో ఊపందుకున్నది మాత్రం 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్, కలర్ టీవీ వచ్చాకే. మన జిల్లాల్లో వీసీఆర్ (క్యాసెట్ వేసి చూసే, రికార్డు చేసే మిషన్) కొనుక్కున్న ఇళ్లు తక్కువ, కిరాయికి తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. పెళ్లి అయినా, వినాయక చవితి అయినా టీవీ, వీసీపీ (క్యాసెట్ ఆడించే మిషన్), మూడు క్యాసెట్లు రాత్రికి మాట్లాడుకునేవాళ్లు. మొదట ముసలివాళ్ల కోసం పౌరాణికం, తర్వాత ఫైట్ల సినిమా, పిల్లలు పడుకున్నాక దయ్యం సినిమా. పిల్లలు పడుకునేవాళ్లు కాదనుకోండి, దుప్పటి సందులోంచి చూసేవాళ్లు. మధ్యలో కరెంటు పోతే అసలు సినిమా అప్పుడే మొదలయ్యేది.

ఆ మూడో క్యాసెట్ చాలాసార్లు హిందీది. నిజాం పాలన నుంచీ ఉర్దూ చెవిన పడ్డ ప్రాంతం కాబట్టి హిందీ దయ్యాల సినిమాలు తీసిన రామ్సే బ్రదర్స్ సినిమాలకు ఇక్కడ డబ్బింగ్ అవసరం రాలేదు. 1984లో 'పురానా మందిర్', 1988లో 'వీరానా'. బాణామతి (చేతబడి) పేరు చెబితే సాయంత్రం గడప దాటడానికి జంకే ఊళ్లలో ఆ పాడుబడ్డ హవేలీలు, మంత్రగాళ్లు పరాయివిగా అనిపించలేదు. తెలుగులో ఈ దారిన వచ్చినవి తక్కువే. రేవతి నటించిన 'రాత్రి' 1992లో తెలుగు, హిందీ రెండింటిలోనూ వచ్చి, టౌన్లలో పెరిగిన వాళ్లకు కూడా దయ్యం అంటే భయం నేర్పింది.

కిరాయి దుకాణాల్లో అసలు క్యాసెట్ కంటే కాపీకి కాపీ చేసినదే ఎక్కువ తిరిగేది. ఈ కాపీల బెడద వల్లే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. వీడియో డబ్బా మీద సెన్సార్ సర్టిఫికెట్ నకలు, తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు ఉండాలన్నారు. ఇప్పుడు సేకరించేవాళ్లు మొదట తిప్పి చూసేది ఆ కాగితాన్నే. అది రంగు వెలిసినా చదవడానికి వస్తే క్యాసెట్ విలువ పెరుగుతుంది. జిరాక్స్ అట్ట ఉంటే పక్కన పెట్టేస్తారు, వేరే కాపీ ఎక్కడా లేని సినిమా అయితే తప్ప.

కిరాయి క్యాసెట్‌కి ఇంకో గుర్తు ఉంటుంది. జనం ఏ సీన్‌ని వెనక్కి తిప్పి తిప్పి చూశారో, ఎక్కడ పాజ్ కొట్టి ఆపారో సరిగ్గా అక్కడ టేపు అరిగి తెర మీద తెల్లని గీతలు పరుగెడతాయి. దయ్యం మొహం మొదటిసారి కనిపించే చోట గీతలు లేని కిరాయి క్యాసెట్ దొరకడం అపురూపం.

సినిమా ఎవరి అటక మీదో మిగలడం మన దగ్గరే పుట్టిన కథ కాదు. 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'ని అనుమతి లేకుండా డ్రాక్యులా నవల నుంచి తీశారని, ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ గారి భార్య కేసు వేసి గెలిచారు. ప్రింట్లన్నీ తగలబెట్టాలని 1925లో కోర్టు చెప్పింది. అప్పటికే బయటి చేతుల్లోకి వెళ్లిన కాపీల వల్ల సినిమా బతికింది. క్రిస్టఫర్ లీ డ్రాక్యులాగా నటించిన 1958 సినిమాలో బ్రిటన్ సెన్సార్ కత్తిరించిన షాట్లు 2011లో ఎక్కడో టోక్యో ఫిల్మ్ ఆర్కైవ్‌లో తేలాయి, వాటిని కలిపి 2013లో బ్లూరే (డీవీడీ కంటే బొమ్మ తేటగా ఉండే డిస్కు) వేశారు. ఒకే సినిమాని నాలుగుసార్లు కొనేవాడిని చూసి నవ్వే ముందు ఇది గుర్తుంచుకోవాలి. 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'ది తలకిందుల కథ. విడుదలకు ముందు పేరు మార్చేటప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ నోటీసు వదిలేశారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అంతటితో హక్కు పోయింది. అందుకే అది ఎవరు పడితే వాళ్లు వేసిన చవక డిస్కుల్లో దొరుకుతుంది, ప్రింటు మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది.

తొంభైలలో కేబుల్ వచ్చింది, 1993 నుంచి జీ టీవీలో రామ్సేల హారర్ సీరియల్ ఇంట్లోకే వచ్చింది. కిరాయి దుకాణాలు ఒక్కొక్కటే షట్టర్ దించి సెల్‌ఫోన్ రీచార్జి షాపులయ్యాయి, క్యాసెట్లు కిలోల లెక్కన పాత సామాన్ల బండెక్కాయి. తర్వాత వచ్చిన వీసీడీ (సినిమా ఎక్కించిన సీడీ) చవకే కానీ హారర్‌కి అచ్చిరాలేదు. ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలు, బొమ్మ 352 బై 288 చుక్కలే. చీకటి సీన్ రాగానే నలుపంతా గళ్లుగళ్లుగా విరిగిపోయేది. దయ్యం ఏదో, గోడ ఏదో తెలిసేది కాదు. ఆ మాటకొస్తే అరిగిన క్యాసెట్టే నయం.

2007లో మోజర్ బేర్ అనే కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడంతో కిరాణా కొట్లలో కూడా సినిమాలు దొరికాయి. హారర్ కూడా ఆ ధరకు కొన్నాళ్లు చేతికందింది. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి (ఆస్తులు అమ్మి మూసేయడానికి) పోయింది. విదేశీ డిస్కులు తెప్పించుకుందామంటే రీజియన్ కోడ్ అడ్డం, అంటే ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడనివ్వని గుర్తు. డీవీడీల్లో మనది 5, అమెరికాది 1. బ్లూరేల్లో మనది సి, అమెరికాది ఎ, బ్రిటన్‌ది బి. కోడ్ చూసుకోకుండా తెప్పిస్తే అట్ట చూసి మురిసిపోవడమే.

ఇప్పుడు అసలు ఇబ్బంది ప్లేయర్‌ది. వీసీఆర్ల తయారీ 2016లో జపాన్ కంపెనీ ఫునాయ్‌తో ఆగిపోయింది. చెడితే ఇంకో చెడిన దాంట్లోంచి బెల్టు, హెడ్డు (టేపుని చదివే భాగం) తీసి వేయాల్సిందే. మన వైపు గాలిలో తేమ తక్కువ కాబట్టి టేపుకి బూజు అంతగా పట్టదు. కానీ రేకుల కప్పు కింద అటక మీద ఏప్రిల్, మే ఎండలకు డబ్బా వంకర తిరుగుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నా అడ్డదారి లేదు. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ ప్లే అవ్వాలి, ఆ మూడు గంటలూ ఉన్న ఒక్క వీసీపీ హెడ్డు అరగాలి. అందుకే మొదట ఎక్కించేది ఇష్టమైన సినిమాని కాదు. డీవీడీ రానిదాన్ని, యూట్యూబ్‌లో లేనిదాన్ని ముందు ఎక్కిస్తారు. 'వీరానా' లాంటివి వరుసలో చివరన ఉంటాయి.