దెయ్యం కథ రాయబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

దెయ్యం కథ మొదలుపెట్టే ముందు దాని జుట్టూ, గోళ్లూ, తెల్లచీరా పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని మూడు వాక్యాలు రాసుకోండి: అది ఎందుకొచ్చింది, ఏం చేయగలదు, ఏం చేయలేదు. అసలైనది మూడోదే. అన్నీ చేయగల దెయ్యం మీ కథానాయికను మొదటి పేజీలోనే ఎందుకు చంపలేదని చదివేవాళ్లు అడుగుతారు. మీ దగ్గర జవాబుండదు. దెయ్యానికి హద్దు ఉంటేనే మనిషికి పోరాడే చోటుంటుంది, అది చెరిగిపోతుందేమోనన్న భయమూ ఉంటుంది.

ఈ పని ఎలా చేయాలో బేతాళుడి దగ్గర నేర్చుకోవాలి. 11వ శతాబ్దంలో కశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఆ కథలున్నాయి. రాజు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడుస్తుంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పత్రికల్లో బేతాళ కథలు చదివినవాళ్లకు కూడా దీని ముగింపు తెలియకపోవచ్చు. చివరి కథలో ఒక తండ్రీ కొడుకుల్లో తండ్రి వేరే ఇంటి కూతుర్నీ, కొడుకు ఆమె తల్లినీ పెళ్లాడతారు. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు నిజంగానే తెలియదు. మౌనంగా నడుస్తాడు. తల పగలదు, శవం చెట్టెక్కదు. నియమాన్ని ఎవరూ తప్పలేదు, ఆ నియమంలోనే దారి దొరికింది. కథ మధ్యలో ఎక్కడినుంచో ఊడిపడే తాయెత్తులతో గట్టెక్కించే వాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ చదవాలి. పైగా అక్కడ శవం నిజం చెబుతుంది; శవాన్ని తెమ్మన్న సన్యాసే రాజును బలివ్వాలని కాచుకుని ఉంటాడు. ఎవరికి భయపడాలో ఆఖర్న తారుమారు కావడం ఎంత గొప్ప సంగతో చూడండి!

ఇక కొలతలు. రెండు వేల మాటల కథ అనుకుందాం. మొదటి అయిదొందల మాటల్లో దెయ్యం వద్దు. ఇల్లు, బడి, అన్నాచెల్లెళ్ల తగువు ఉండాలి, వాటి మధ్య ఒక్కటంటే ఒక్కటి తేడాగా కనిపించాలి. ఆ తర్వాత మూడు సూచనలు వేయండి. మొదటిది ఇంటి బయట, రెండోది ఇంటి లోపల, మూడోది ఆ పిల్ల సొంత వస్తువులో. పూర్తి రూపం ఒక్కసారే, పద్నాలుగొందల మాటలు దాటాక. రెండోసారి చూపిస్తే భయం సగమవుతుంది.

వాక్యం దగ్గర జాగ్రత్త. ‘పెరట్లో ఒళ్లు జలదరించే భయంకరమైన శబ్దం వినిపించింది’ అని రాస్తే భయపడింది మీరొక్కరే. ఇలా రాసి చూడండి: ‘బావి గిలక కిర్రుమంటూ తిరుగుతోంది. చేద మాత్రం అరుగు మీదే ఉంది, చేంతాడుతో సహా.’ ఇందులో విశేషణం ఒక్కటీ లేదు. గిలకను ఏది తిప్పుతోందో పాఠకుడే ఊహించుకోవాలి.

ఫోన్ సంగతి తప్పించుకోలేరు. సిగ్నల్ లేదని రాయడం బాగా అరిగిపోయింది. సిగ్నల్ ఉండనివ్వండి. పిల్ల నాన్నకు ఫోన్ చేస్తుంది, ఆయన మామూలుగానే మాట్లాడి ‘తలుపు తీసి ఉంచమ్మా’ అంటాడు. పెట్టేసి చూస్తే ఆయన ఫోన్ పక్క గదిలో స్విచ్చాఫ్ అయి పడుంటుంది.

రెండు చోట్ల నేను గట్టిగా చెప్పాలి నాన్నా. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మను మంత్రగత్తెను చేయకండి. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని నిజంగానే కొట్టి చంపిన ఊళ్లున్నాయి మన దగ్గర. ఆ అనుమానానికి మీ కథ ఆజ్యం పోయకూడదు. ఊరంతా ఆమెను అనుమానిస్తుంటే అసలు వాడు పెద్దమనిషిలా తిరుగుతుండటం రాయండి. అది ఇంకా భయపెడుతుంది.

రెండోది, తనువు చాలించి దెయ్యమై అందరి మీదా పగ తీర్చుకునే పిల్ల కథ. మీ కథ చదివేవాళ్లలో ఆ వయసులోనే మనసు విరిగినవాళ్లు ఉంటారు. చస్తే బలం వస్తుందన్న మాట వాళ్ల చెవిన పడకూడదు. ఎలా చనిపోయిందో వివరించకండి. మీ మూడో వాక్యాన్ని ఇక్కడ వాడండి: ఆ పిల్ల తలుపులు బద్దలుకొట్టగలదు గానీ అమ్మ కలిపిన ముద్ద తినలేదు. తన పేరు ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. పగ తీరినా తనకు కావలసింది దక్కదు. అక్కడ కాస్త ఆగి రాయండి, తొందరపడకండి.

ముగింపులో ‘ఇదంతా కల’ అనకండి, అంతసేపు మీతో భయపడినవాణ్ణి మోసం చేసినట్టవుతుంది. దెయ్యం ఊరికే పోకూడదు. కథానాయిక తనకు నిజంగా కావలసిన దేన్నో వదులుకోవాలి. అమ్మమ్మ గొంతు రికార్డయి ఉన్న ఫోన్ కావచ్చు, ఇన్నాళ్లూ దాచిన నిజం కావచ్చు. రాయడం అయ్యాక చివరి పేరా కొట్టేసి పైకి చదవండి. చాలాసార్లు కథ దాని ముందు పేరాలోనే పూర్తయి ఉంటుంది.

ఉంటాను,
మీ పెదనాన్న