పాత జైలు కూల్చేశాక కాంట్రాక్టరు చేతులెత్తేస్తే?

వరంగల్ కొత్త సెంట్రల్ జైలు మాట మళ్లీ నలుగుతోంది. కట్టే కాంట్రాక్టరు దివాళా తీస్తే పరిస్థితి ఏమిటన్న ప్రశ్నా దాని వెంటే వచ్చింది. నిజాం కాలపు జైలు సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అసలు మలుపు 2021 జూన్.

ఆ నెల మొదట్లోనే ఖైదీలను హైదరాబాద్‌లోని చర్లపల్లికి, ఇతర జైళ్లకు తరలించారు. 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అదే స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. కొత్త జైలుకు వరంగల్ శివార్లలోని మామునూరు వైపు చూపించారు. ఉత్తర తెలంగాణకు పెద్దాసుపత్రి కావాలన్నది సర్కారు మాట. నిజమే, కావాలి. కానీ కొత్త జైలు పునాది పడకముందే పాతది నేలమట్టం చేశారు. పాతది ఉంచి ఉంటే, కొత్తదాని పని ఆలస్యమైనా ఆ బ్యారక్‌లైనా ఉండేవి. ఇప్పుడు అవీ లేవు. పరకాల, నర్సంపేట నుంచి చర్లపల్లికి ములాఖత్‌కు వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. విచారణ ఖైదీని వరంగల్ కోర్టుకు తేవాలంటే పోలీసు ఎస్కార్టు దొరకాలి. పని ఆగిన ప్రతి నెలా వీళ్ల మీదే పడుతుంది.

ఇది ఊహించి భయపడటం కాదు. 2018 జనవరిలో బ్రిటన్‌లో కారిలియన్ కంపెనీ కుప్పకూలేనాటికి సుమారు 50 జైళ్ల మెయింటెనెన్స్ దాని చేతిలో ఉంది. చివరికి ప్రభుత్వమే సొంతంగా ఒక కంపెనీ పెట్టి ఆ పని నెత్తికెత్తుకుంది. 2024 సెప్టెంబరు 10న జైళ్లలో చోటు చాలక అక్కడ ఖైదీలను ముందుగానే వదలడం మొదలుపెట్టారు. సరిగ్గా పది రోజులకు, జైలు పనులు చేస్తున్న నిర్మాణ కంపెనీ ఐఎస్‌జీ మునిగింది.

మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన లాంకో ఇన్‌ఫ్రాటెక్ 2018లో, ఐవీఆర్‌సీఎల్ 2019లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు వెళ్లాయి. 2016 దివాళా చట్టం కింద కేసు అడ్మిట్ అయితే మారటోరియం వస్తుంది. కంపెనీ మీద రికవరీలు, దావాలు ఆగిపోతాయి. పని పూర్తి చేస్తానని కాంట్రాక్టరు హామీగా ఇచ్చిన పెర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీని మాత్రం పని అప్పగించిన శాఖ రాబట్టుకోవచ్చు. అధికారులు చూపించే ధీమా అదే. అయితే ఆ డబ్బుతో జైలు పూర్తి కాదు. సగం లేచిన గోడలను కొలిచి ఎం-బుక్ (కొలతల పుస్తకం) ముగించాలి, మిగిలిన పనికి కొత్త ఎస్టిమేట్ వేయాలి, మళ్లీ టెండరు పిలవాలి. అప్పటికి సిమెంటు, స్టీలు రేట్లు పాతవి ఉండవు. తడిసిన సెంట్రింగ్ కర్రలు, తుప్పు పట్టిన చువ్వలు వచ్చేవాడికి అదనపు పని.

చిన్న కాంట్రాక్టర్ల మాటా వినాలి. బిల్లులు రాక 2025లో వాళ్లు సచివాలయంలోనే ధర్నాకు కూర్చున్నారు. చేసిన పనికి డబ్బు రాకపోతే వడ్డీకి తెచ్చి నడపాలి, ఎక్కడో ఒకచోట చెక్కు బౌన్సవుతుంది. కంపెనీ లిక్విడేషన్‌కు వెళితే కూలీలకు చట్టంలో 24 నెలల బకాయి దాకా ముందు వరుస ఉంది. ఇటుకలు, ఇసుక అప్పుగా పోసిన సప్లయర్ మాత్రం బ్యాంకుల వెనక నిలబడాలి. మామునూరు టెండరులో బిల్లు ఎన్ని రోజుల్లో ఇస్తారు, పని ఆగితే ఎవరు అందుకుంటారు అన్నవి ముందే రాసి పెట్టాలి.