సర్వర్‌కి రెండో కేబుల్ ఎందుకు పెడతాం

తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది, రెండోది 1974లో. ఇప్పుడు ఒకటి ఎక్కడానికి, ఇంకోటి దిగడానికి. 2021 డిసెంబరులో ఎక్కే దారిలో బండరాళ్ళు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నప్పుడు, పైకెళ్ళే బండ్లని కూడా కొన్నాళ్ళు దిగే దారిలోకే మళ్ళించారు. ఆలస్యమైంది, జనం ఇబ్బంది పడ్డారు, కానీ కొండకి ఒక దారంటూ మిగిలింది. సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే కార్డులు) ఎందుకని ఎవరడిగినా నేను ముందు ఈ సంగతే చెప్తాను.

రెండు కార్డుల్నీ ఒకటిగా కట్టడాన్ని లైనక్స్‌లో బాండింగ్ అంటారు, విండోస్‌లో టీమింగ్. సిస్టం లోపల సాఫ్ట్‌వేర్‌తోనే ఒక కార్డు తయారవుతుంది, ఐపీ అడ్రస్ దానికే ఇస్తాం, అసలు కార్డులు రెండూ దాని కింద పనిచేస్తాయి. అన్నిటికంటే సులువైన పద్ధతిలో ఒక కార్డు పనిలో ఉంటుంది, రెండోది ఊరికే కాచుకుని ఉంటుంది. లింకు, అంటే కార్డుకీ కేబుల్ అవతలి పెట్టెకీ మధ్య కనెక్షన్, ఉందా లేదా అని సెకనుకి పదిసార్లు, అంటే 100 మిల్లీసెకన్లకోసారి చూడమని మనం చెప్పిపెడతాం. లింకు పోగానే రెండో కార్డు పని అందుకుని, ‘ఈ అడ్రస్ ఇకమీద ఈ పోర్టు వైపుంది’ అని స్విచ్‌లకి (కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టెలకి) తెలిసేలా ఒక ఏఆర్‌పీ సందేశం (ఏ ఐపీ ఏ కార్డుదో అడగడానికీ చెప్పడానికీ వాడేది) పంపుతుంది.

చాలామందికి ఇది చాలదు, వాళ్ళకి కావాల్సింది స్పీడు. ఒక గిగాబిట్ కార్డు సెకనుకి 125 మెగాబైట్లకి మించి పంపలేదు కదా, రెండు కలిపితే 250 వస్తుందనుకుని ఒక పెద్ద ఫైలు కాపీ పెడతారు, అది పాత స్పీడు దగ్గరే ఆగిపోతుంది. తప్పు కార్డులది కాదు. ఒకే ఫైలు ముక్కల్ని ఒకటి ఇటు, ఒకటి అటు పంపితే అవతలికి వరస తప్పి చేరతాయి, అందుకునేవాడు ‘మధ్యలో ముక్క రాలేదు’ అని మళ్ళీమళ్ళీ చెప్తాడు, మూడోసారి అదే మాట వచ్చేసరికి పంపేవాడు ఆ ముక్క పోయిందనుకుని మళ్ళీ పంపి, పైగా స్పీడు తగ్గించుకుంటాడు. అందుకే ఎల్‌ఏసీపీ (సర్వర్, స్విచ్ మాట్లాడుకుని రెండు కార్డుల్నీ ఒకేసారి వాడే పద్ధతి) లాంటి పద్ధతుల్లో ఒక కనెక్షన్ మొత్తాన్నీ ఒకే కార్డు మీద నడుపుతారు, ఒక కుటుంబాన్ని రెండు బస్సుల్లోకి విడగొట్టకుండా ఒకే బస్సు ఎక్కించినట్టు. వంద మంది ఒకేసారి వస్తే రెండో కార్డు నిజంగా పనికొస్తుంది, ఒక్కడికి మాత్రం ఒక్క కార్డే.

ఎవరు ఏ కార్డు మీద వెళ్ళాలో ఒక చిన్న లెక్క తేలుస్తుంది, దాన్నే హ్యాష్ అంటాం. లైనక్స్‌లో మనమేమీ మార్చకపోతే ఆ లెక్క రెండు వైపుల మ్యాక్ అడ్రస్‌ల (ప్రతి కార్డుకీ తయారీలోనే వేసే నంబర్ల) మీద నడుస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: వచ్చే వాళ్ళంతా రౌటర్ (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే పెట్టె) అవతల ఉంటే సర్వర్‌కి కనబడేది రౌటర్ మ్యాక్ ఒక్కటే, లెక్క ప్రతిసారీ ఒకే జవాబిస్తుంది, వెళ్ళే ట్రాఫిక్ అంతా ఒక కార్డు మీదే పడి రెండోది ఖాళీగా ఉంటుంది. లెక్కలోకి ఐపీ, పోర్టు నంబర్లని (స్విచ్ మీది పోర్టులు కావు, ఒక్కో కనెక్షన్‌కి ఉండే నంబర్లు) కూడా తెస్తే సర్దుకుంటుంది. సర్వర్‌కి వచ్చే ట్రాఫిక్‌ని పంచేది మాత్రం స్విచ్, అక్కడి సెట్టింగు వేరేగా చూసుకోవాలి.

ఇంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. తిరుపతిలో నాలుగైదు లాడ్జీలున్న ఒకాయనకి బుకింగ్ సర్వర్ పెట్టాం, రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, అంతా పద్ధతిగానే. ఒక శనివారం సాయంత్రం కౌంటర్ కుర్రాడు ఫోన్ చేశాడు. "న్నా, సిస్టం తిరగతానే ఉంది, రూము పడల్యా, జనం సామాన్లతో నిలబడుండారు" అన్నాడు. వెళ్ళి చూస్తే సర్వర్ వెనక లైట్లు రెండూ పచ్చగా వెలుగుతున్నాయి. తెగింది స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్ళే కేబుల్. సర్వర్‌కీ స్విచ్‌కీ మధ్య లింకు బాగానే ఉంది కాబట్టి బాండింగ్‌కి అంతా క్షేమంగానే కనబడింది, పక్కన మంచి దారి ఉన్నా అటు మళ్ళలేదు. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు గంటసేపు మెట్ల మీద కూర్చున్నారు.

ఆ రాత్రే ఏఆర్‌పీతో చూసే పద్ధతికి మార్చాం. ఇందులో సర్వర్ తన లైటుని నమ్ముకోదు, ‘రౌటర్, ఉన్నావా’ అని కొద్దికొద్ది సేపటికి అడుగుతుంది, జవాబు ఆగిపోతే రెండో కార్డుకి మారుతుంది. ఒక కార్డు పనిలో, ఒకటి కాపలాగా ఉండే పద్ధతికి ఇది బాగా నప్పుతుంది, ఎల్‌ఏసీపీతో మాత్రం లైనక్స్‌లో కుదరదు.

రెండు కేబుళ్ళూ ఒకే స్విచ్‌లో గుచ్చినవాళ్ళని కూడా చూశాను. ఘాట్ రోడ్లు రెండైనా కింద బండ్లన్నీ అలిపిరి దగ్గర కలుస్తాయి, అలిపిరి మూస్తే రెండు రోడ్లుండి లాభం లేదు. శ్రీవారి మెట్టు దారి అలా కాదు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి మొదలవుతుంది. రెండో కేబుల్‌కి కూడా అలాంటి మొదలే కావాలి: వేరే స్విచ్, వీలైతే వేరే కరెంటు లైను, ఒకే కార్డులోని రెండు పోర్టులు కాకుండా వేరే కార్డు.

ఇప్పుడు బ్రహ్మోత్సవాల రద్దీ మొదలవకముందే ఒక రాత్రి ఆ లాడ్జీల సర్వర్ దగ్గరికి వెళ్తాను. పింగ్ (జవాబు వస్తోందా అని వరసగా పంపే చిన్న పలకరింపు) నడుస్తుండగా సర్వర్ కేబుల్ ఒకటి పీకుతాను, తిరిగి పెట్టి రెండోది పీకుతాను, తర్వాత స్విచ్ నుంచి రౌటర్‌కి వెళ్ళే కేబుళ్ళు ఒక్కొక్కటిగా. ఒకటి రెండు పింగులు పోయి మళ్ళీ జవాబులు రావడం నా కళ్ళతో చూశాకే ర్యాక్ తలుపు వేస్తాను.