నక్షత్రాల వేగంతో గెలాక్సీని తూచడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: నక్షత్రం వేగం తెలిస్తే గెలాక్సీ మొత్తం ద్రవ్యరాశి తెలిసిపోతుంది.

వాస్తవం: తెలిసేది ఆ నక్షత్రం కక్ష్యకు లోపల ఉన్నంతవరకే. సూత్రం చిన్నదే: వేగాన్ని వర్గం చేసి, కేంద్రం నుంచి దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించాలి. వేగం సెకనుకు కిలోమీటర్లలో, దూరం పార్‌సెక్‌లలో (ఒక పార్‌సెక్ అంటే దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు) ఉంటే స్థిరాంకం 0.0043. జవాబు నేరుగా సూర్యుడి ద్రవ్యరాశుల్లో వస్తుంది. మన సూర్యుడు పాలపుంత కేంద్రానికి దాదాపు 8,200 పార్‌సెక్‌ల దూరంలో ఉన్నాడు. అక్కడ గుండ్రటి కక్ష్య వేగం సుమారు 230. లెక్క కడితే పదివేల కోట్ల సూర్యులు.

దూరంగా తిరిగే గోళాకార గుచ్ఛాలు (బంతిలా కిక్కిరిసిన నక్షత్రాల గుంపులు), ఉపగ్రహ గెలాక్సీల వేగాలతో కట్టే లెక్కల్లో పాలపుంత మొత్తం లక్ష కోట్ల సూర్యుల దరిదాపుల్లో తేలుతుంది. అంటే మొదటి అంకెకు పదింతలు. రెండూ సరైనవే, రెండూ వేర్వేరు వ్యాసార్థాలవి. ఎంత దూరం లోపలిదో రాయని ద్రవ్యరాశి అంకె కనిపిస్తే దాన్ని వాడకపోవడమే మంచిది.

అపోహ: నక్షత్రాలన్నీ కేంద్రం చుట్టూ ఒకే వైపు తిరుగుతాయి, కాబట్టి భ్రమణ వేగం చాలు.

వాస్తవం: ఇది పళ్లెం లాంటి సర్పిల గెలాక్సీల మాట. దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో, గోళాకార మరుగుజ్జు గెలాక్సీల్లో నక్షత్రాలు ఎటు పడితే అటు పోతుంటాయి. అక్కడ పనికొచ్చేది డిస్పర్షన్, అంటే సగటు నుంచి వేగాలు ఎంత చెదిరి ఉన్నాయన్నది. 2010లో వుల్ఫ్ బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం డిస్పర్షన్ వర్గాన్ని, ఆకాశంలో సగం కాంతి ఇమిడే వ్యాసార్థాన్ని, 4ను కలిపి గుణించి 0.0043తో భాగించాలి. డ్రాకో మరుగుజ్జు గెలాక్సీలో డిస్పర్షన్ సుమారు 9, ఆ వ్యాసార్థం సుమారు 220 పార్‌సెక్‌లు. వచ్చేది కోటీ 65 లక్షల సూర్యులు. ఆ పరిధిలోంచి వచ్చే కాంతి మాత్రం లక్షన్నర సూర్యులకు మించదు. వందరెట్లకు పైగా ఉన్న ఈ తేడానే కృష్ణ పదార్థం, అంటే కాంతినివ్వకుండా గురుత్వం మాత్రమే చూపే పదార్థం, ఖాతాలో వేస్తాం.

ఈ సూత్రం బలం ఆ వ్యాసార్థం దగ్గరే. నక్షత్రాలు కేంద్రం వైపు దూసుకుపోతున్నాయా, గుండ్రంగా తిరుగుతున్నాయా అన్నది మనకు తెలియదు, ఎందుకంటే డాప్లర్ పద్ధతి (కాంతి తరంగదైర్ఘ్యం ఎంత జరిగిందో చూసి వేగం కట్టడం) చూపేది మన చూపు దిశలోని వేగాన్నే. కక్ష్యల తీరు మారితే అదే డిస్పర్షన్‌కు వేరే ద్రవ్యరాశి వస్తుంది. సగం కాంతి పరిధిలో ఆ ప్రభావం చాలావరకు సద్దుమణుగుతుంది. మరీ లోపలికి పోయినా, మరీ బయటికి పోయినా మళ్లీ తలెత్తుతుంది. పక్కదిశ వేగాన్నీ కొలిస్తే ఈ చిక్కు తీరుతుంది కానీ, 84,000 పార్‌సెక్‌ల దూరంలోని స్కల్ప్టర్ మరుగుజ్జు గెలాక్సీలో సెకనుకు 10 కిలోమీటర్ల వేగమంటే ఆకాశంలో ఏడాదికి 0.025 మిల్లీ ఆర్క్‌సెకన్ల కదలిక (మిల్లీ ఆర్క్‌సెకను డిగ్రీలో 36 లక్షలవ వంతు). నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహానికి కూడా ఒక్కో నక్షత్రంలో అది అంత తేలిగ్గా చిక్కేది కాదు.

అపోహ: వేగాలన్నీ పట్టికలో వేసి ప్రామాణిక విచలనం తీస్తే అదే డిస్పర్షన్.

వాస్తవం: ఎక్కువ లెక్కలు చెడేది ఇక్కడే. చిన్న గెలాక్సీల వేగాలకు తరచూ వాడే కాల్షియం రేఖల్లో (నక్షత్ర కాంతి వర్ణపటంలోని గీతల్లో) ఒకటి 8,542 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది (ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు). సెకనుకు 3 కిలోమీటర్ల వేగానికి అది జరిగేది 0.085 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. కాబట్టి కొలతలో దోషం తప్పదు, దాన్ని వర్గాల్లో తీసివేయాలి. పట్టికలో చెదురు 4 వచ్చింది, ఒక్కో కొలతలో దోషం 3 అనుకోండి. 16లోంచి 9 పోతే మిగిలేది 7, అసలు డిస్పర్షన్ 2.6. ద్రవ్యరాశి సగానికి పైగా తగ్గిపోయింది. దోషం నిజానికి 3.5 అయితే మిగిలేది 3.75, అంటే ద్రవ్యరాశి మళ్లీ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే మసక గెలాక్సీల్లో జవాబును నిర్ణయించేది వేగాల కంటే ఎక్కువగా మీ దోషాల అంచనాయే.

దానికి తోడు జంట నక్షత్రాలు. జోడీ చుట్టూ తిరిగే వేగం గెలాక్సీ వేగంలో కలిసిపోయి డిస్పర్షన్‌ను పెంచుతుంది. డిస్పర్షన్ 9 ఉన్నచోట పెద్దగా తేడా రాదు, 3 ఉన్నచోట కొంప ముంచుతుంది. ఏడాది ఆగి అవే నక్షత్రాలను మళ్లీ కొలిచి, వేగం మారినవాటిని తీసేయాలి. దారిలో అడ్డుపడే పాలపుంత నక్షత్రాలను కూడా ఏరేయాలి. డ్రాకో సెకనుకు దాదాపు 290 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది కాబట్టి అక్కడ ఏరివేత సులువు. అన్ని గెలాక్సీలకూ ఆ అదృష్టం ఉండదు.

ఇక నక్షత్రాల సంఖ్య. కొలత దోషాలు పక్కన పెట్టినా, 50 నక్షత్రాలతో డిస్పర్షన్‌లో 10 శాతం, ద్రవ్యరాశిలో 20 శాతం అనిశ్చితి ఉంటుంది. దాన్ని సగం చేయాలంటే 200 నక్షత్రాలు కావాలి.

అపోహ: పళ్లెం వంపు చిన్న సవరణే.

వాస్తవం: ఎంత వాలి ఉందన్న దాన్ని బట్టి. 30 డిగ్రీలు మాత్రమే వాలి, దాదాపు ముఖాముఖిగా కనిపించే పళ్లెంలో మనం చూసేది అసలు వేగంలో సగం. అక్కడ వంపులో 3 డిగ్రీలు తప్పితే ద్రవ్యరాశి దాదాపు 20 శాతం మారుతుంది. 70 డిగ్రీలు వాలిన దాంట్లో అదే తప్పుకు తేడా దాదాపు 4 శాతమే.

అపోహ: వేగానికి దూరంతో పనిలేదు కాబట్టి ద్రవ్యరాశికీ లేదు.

వాస్తవం: వ్యాసార్థాన్ని కోణంగా కొలుస్తాం, పార్‌సెక్‌లలోకి మార్చేది దూరమే. దూరం పెరిగితే ద్రవ్యరాశి అదే నిష్పత్తిలో, కాంతి దాని వర్గంలో పెరుగుతాయి. ఎన్‌జీసీ 1052-డీఎఫ్2 అనే గెలాక్సీలో కృష్ణ పదార్థం దాదాపు లేదని 2018లో 10 గోళాకార గుచ్ఛాల వేగాలతో చెప్పారు. దూరం 2 కోట్ల పార్‌సెక్‌లు కాదు, 1.3 కోట్లే అని మరో బృందం వాదించింది. అలా అయితే ద్రవ్యరాశి-కాంతి నిష్పత్తి ఒకటిన్నర రెట్లవుతుంది. తర్వాతి హబుల్ టెలిస్కోప్ కొలతలు ఎక్కువ దూరం వైపే మొగ్గాయి. పదే వేగాలు ఉన్నప్పుడు ఒక్క గుచ్ఛం వేగం అటూఇటూ అయినా డిస్పర్షన్ కదులుతుంది, ఆ వాదన కూడా నడిచింది.

అపోహ: వాయువును కొలిస్తే చాలు, నక్షత్రాలెందుకు?

వాస్తవం: ఎం87 గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలానికి నక్షత్రాల వేగాలు 2011లో సుమారు 660 కోట్ల సూర్యులు అన్నాయి, వాయువు 2013లో 350 కోట్లు అంది. 2019లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ చిత్రం నుంచి వచ్చింది 650 కోట్లు. వాయువును గురుత్వమే కాదు, పీడనమూ సుడులూ కూడా నెడతాయి.

అపోహ: గెలాక్సీ స్థిమితంగా ఉందనుకోవడంలో తప్పులేదు.

వాస్తవం: ఈ సూత్రాలన్నీ ఆ ఊహ మీదే నిలబడ్డాయి. పాలపుంత విషయంలోనే అది పూర్తిగా నిజం కాదు. పెద్ద మెగలానిక్ మేఘం అనే ఉపగ్రహ గెలాక్సీ మన గెలాక్సీ లోపలి భాగాన్ని తనవైపు లాగుతోంది, బయటి అంచు నక్షత్రాలు వెంటనే అందుకోలేవు. అందుకే అవి మనకు సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ఒకవైపు జారుతున్నట్టు కనిపిస్తాయి. ఆ జారుడును ముందు తీసేయకుండా డిస్పర్షన్ కడితే ద్రవ్యరాశి ఎక్కువగా వస్తుంది.