ఎపిథుమియా అంటే ఆశా, మోహమా?

బైబిల్ గ్రీకు క్లాసులో నన్ను పదే పదే అడిగేది కొత్త నిబంధనలోని ‘ఎపిథుమియా’ అనే గ్రీకు మాట గురించి. దీన్ని తప్పుగా విని, లోలోపల నలిగిపోయే పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎపిథుమియా అంటే కామమే.

వాస్తవం: బలంగా కోరుకోవడం, అంతే. ఆ కోరిక మంచిదో చెడ్డదో పక్కనున్న మాటలు చెబుతాయి. “ఈ పస్కాను (యూదుల పండుగ భోజనాన్ని) భుజింపవలెనని మిక్కిలి ఆశపడితిని” అని యేసు అన్నచోట (లూకా 22:15) ఉన్నది ఈ మాటే. అదీ నామవాచకం, క్రియ రెండూ కలిపి, ‘ఆశతో ఆశపడ్డాను’ అన్నట్టు. క్రీస్తు దగ్గరికి వెళ్లిపోవాలని పౌలుకున్న ఆశా ఇదే (ఫిలిప్పీ 1:23). యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుడు పందుల పొట్టుకు ఆశపడ్డాడు కదా, అక్కడా ఇదే క్రియ. పాపం, అతనిది ఆకలి! యాకోబు 1:15లో మాత్రం ఇది పాపానికి జన్మనిస్తుంది. అందుకే మన పాత తెలుగు బైబిల్ అనువాదం అక్కడ ‘దురాశ’ అంది. ఆ ‘దుర్’ గ్రీకులో లేదు, సందర్భం చూసి చేర్చారు. సరిగానే చేర్చారు.

అపోహ: ‘ఎపి’ అంటే అతి, కాబట్టి ఇది ‘అతి ఆశ’.

వాస్తవం: ప్రసంగాల్లో బాగానే పేలుతుంది కానీ తప్పు. ‘ఎపి’ అంటే మీద, ‘థుమోస్’ అంటే మనసులోని ఉద్వేగం. ‘దానిమీద మనసు పడింది’ అంటాం చూడండి, అంత దగ్గర.

అపోహ: మత్తయి 5:28 ప్రకారం, ఒక స్త్రీ అందంగా ఉందని అనిపించినా వ్యభిచారమే.

వాస్తవం: ఒక స్త్రీని మోహపుచూపుతో చూసేవాడు అప్పుడే మనసులో వ్యభిచరించినట్టే అని యేసు చెప్పిన ఈ ఒక్క వచనంతో ఎంత టెన్షన్ పడతారో! అక్కడి గ్రీకు ‘ప్రోస్ తో ఎపిథుమేసై’. అంటే ఆమెను ఆశించాలనే ఉద్దేశంతో చూడటం. కంటపడటం వేరు, కావాలని చూపు నిలపడం వేరు. అలాగని వచనం తేలికైపోదు, ఇంకా లోతుకు వెళుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ధర్మశాస్త్రాన్ని (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాల్ని) హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చినవాళ్లు “నీ పొరుగువాని భార్యను ఆశింపకూడదు” అనే పదో ఆజ్ఞకు వాడింది ఈ క్రియనే. యేసు ‘వ్యభిచరింపకూడదు’ అనే ఏడో ఆజ్ఞ గురించి చెబుతూ పదో ఆజ్ఞలోని మాటను తెచ్చి పక్కన పెట్టాడు. తెలుగులో ఒకచోట ‘ఆశింపకూడదు’, ఇంకోచోట ‘మోహపుచూపు’ అని ఉండటంతో ఆ సంబంధం కనిపించదు. అందుకే క్లాసులో రెండు వచనాల్నీ గ్రీకులోనే, ఒకదాని వెంట ఒకటి, పైకి చదివిస్తాను.